వాడిన నూనె, గిన్నెల జిడ్డు సింకులోకి పోకుండా: తూకాలతో సహా ప్రాజెక్టు డైరీ

ఇది చదివి ఎవరైనా ఇదే పని మొదలుపెడితే, నేను పారేసిన సామాను వాళ్ళు మళ్ళీ కొనకూడదు, అందుకే రాస్తున్నా. పని చేసినవాటికంటే చెడిపోయినవి, ఎందుకు చెడిపోయాయి, వాటి బదులు ఏం పెట్టాను అన్నదే ఇందులో ఎక్కువ. అంకెలు నలుగురున్న ఇంటివి. మీ ఇంట్లో వేపుళ్ళు ఎక్కువైతే అంకెలు పెరుగుతాయి, పద్ధతి అదే.

పరికరాలు: 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా, 5 కిలోల వంటింటి కాటా, వంట థర్మామీటరు, మూతలున్న గాజు సీసాలు, సన్న జాలీ, సిలికాన్ గరిటె. గ్రీజ్ ట్రాప్ (సింకు నీళ్ళలోని జిడ్డును ఆపే తొట్టి, దశ 7) దగ్గరికొచ్చాక డ్రిల్లు, హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం), పీవీసీ ఫిట్టింగులు కలిశాయి.

ప్రతి దశ చివర మూడు అంకెలు రాశాను. పట్టినది (సింకులోకి పోకుండా ఆపినది), వదిలించుకున్నది (ఇంట్లోంచి బయటికి పంపినది), నిల్వ (ఇంకా సీసాల్లో కూర్చున్నది).

దశ 0: ముందు తూకం

నూనె పారేయడం అనగానే అందరికీ మూకుడులో మిగిలిందే గుర్తొస్తుంది, అది కళ్ళెదుట ఉంటుంది కాబట్టి. గిన్నెకు అంటుకున్న జిడ్డును ఎవరూ నూనె కింద లెక్కేయరు. ఏ పద్ధతి పట్టుకోవాలో తేల్చే ముందు ఎక్కడ ఎంత ఉందో చూడాలనిపించింది.

గిన్నెను ఖాళీగా ఒకసారి, వాడాక ఒకసారి తూస్తే సరిపోతుందనుకున్నా గానీ ఆ అంకెలు అసలు నమ్మేలా లేవు. తడి, మెతుకులు, మాడు అన్నీ కలిసి నూనె పేరుమీద కూర్చున్నాయి. అందుకని తీరు మార్చాను:

1. పొడి టిష్యూను తూచి బరువు రాసుకోవాలి.
2. గిన్నెలోని మెతుకులు తీసేశాక, నీళ్ళు తగలకముందే, ఆ టిష్యూతో శుభ్రంగా తుడవాలి.
3. టిష్యూను విప్పి జాలీ మీద పరిచి రాత్రంతా వదిలేయాలి. నీళ్ళు ఆవిరైపోతాయి, నూనె ఉండిపోతుంది.
4. పొద్దున మళ్ళీ తూస్తే, తేడా మొత్తం దాదాపు జిడ్డే.

వచ్చిన లెక్కలు:

- నూనె వంపేశాక మూకుడుకు మిగిలింది: 14–22 గ్రా.
- వండిన గిన్నె: 5–9 గ్రా.
- తిన్న పళ్ళెం: 1–2 గ్రా.
- రోజు మొత్తం: 28–40 గ్రా.

అంటే నెలకు కిలో దాకా జిడ్డు. వేపుళ్ళ తర్వాత వంపుకున్న నూనె నెలకు 600 మి.లీ. వరకు వస్తోంది (వంట నూనె లీటరు 915–920 గ్రాములు తూగుతుంది, మి.లీ.ని 0.92తో గుణిస్తే గ్రాములొస్తాయి), కాబట్టి అది 550 గ్రాములు. కనిపించే నూనె కంటే కనిపించని జిడ్డు దాదాపు రెట్టింపు! ఈ అంకె చూశాక కూడా నేను చాలా దశలు సీసాలో నూనె చుట్టూనే తిరిగాను, అది మీకు కింద కనబడుతూనే ఉంటుంది.

దశ 1: అసలు సింకులో పోస్తే ఏమవుతుంది

వేడినీళ్ళు, డిష్‌వాష్ లిక్విడ్ పోస్తే నూనె కరిగి పోతుందన్న మాట నిజమో కాదో చూడాలని మూడు సీసాలు పెట్టాను. ఒక్కోదాంట్లో 20 మి.లీ. వాడిన నూనె, 200 మి.లీ. నీళ్ళు 60 డిగ్రీల దగ్గర.

- మొదటిది: నూనె, వేడినీళ్ళు. కుదిపి వదిలితే కొన్ని నిమిషాల్లో నూనె పైకి వచ్చేసింది.
- రెండోది: పై రెండూ, డిష్‌వాష్ లిక్విడ్. పాలలాగా తెల్లబడింది. మర్నాటికి పైన చిక్కటి తెట్టు, కింద మసక నీళ్ళు. నూనె ఎక్కడికీ పోలేదు, చిన్న చుక్కలుగా చీలిందంతే.
- మూడోది: బాగా కఠినమైన నీళ్ళు (కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్నవి), మామూలు సబ్బు ముక్క, నూనె. వేలికి అంటుకుంటే ఓ పట్టాన వదలని తెల్ల ముద్ద తేలింది.

మూడో సీసాలోది కాల్షియం సబ్బు. మురుగు పైపుల్లో రాయిలా గట్టిపడే ముద్దల్లో ఉండేది ఎక్కువగా ఇదే. నూనె పాతబడి విడివడిన కొవ్వు ఆమ్లాలు నీళ్ళలోని, కాంక్రీటులోని కాల్షియంతో కలిస్తే ఇది పుడుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద దొరికిన ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. దాని ముక్కను మరుసటి ఏడాది మ్యూజియంలో కూడా పెట్టారు.

ఒక పారదర్శక గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి అదే ప్రయోగం చేశాను. వేడినీళ్ళు పోసినప్పుడు వంపు శుభ్రంగా కనిపించింది, చూసేవాళ్ళకు పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ జిడ్డు వంపు దాటి, నీళ్ళు చల్లబడిన చోట గోడకు పట్టింది. పామాయిలు అయితే గది చల్లగా ఉంటే చాలు, తెల్లగా పేరుకుంది. మరుగుతున్న నీళ్ళు పోయడం ఇంకో రకంగానూ చెడ్డది, మామూలు పీవీసీ పైపు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది, అతుకులు కదులుతాయి.

దశ 2: సీసాలో పట్టడం

దీనిలో పెద్దగా చెప్పడానికేం లేదు, మూడు జాగ్రత్తలు తప్ప. నూనె 50 డిగ్రీల కిందకు చల్లారాకే ప్లాస్టిక్ సీసాలో పోయాలి. నీళ్ళు అమ్మే పెట్ సీసా 70 డిగ్రీల దగ్గరే వంగిపోతుంది, మా మొదటి సీసా నడుం అలాగే వంకరపోయింది. గాజు సీసాలో వేడి నూనె పోస్తే పగలొచ్చు, పాత నూనె డబ్బా అన్నిటికంటే మేలు. నిండా పోయొద్దు. పైన "పారేసే నూనె" అని పెద్దగా రాయండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దాంతో తాలింపు పెట్టేస్తారు, ఇది ఊహించి చెప్తున్నది కాదు.

పట్టినది 1,100 గ్రా. | వదిలించుకున్నది 0 | నిల్వ 1,100 గ్రా.

దశ 3: గట్టిపరిచి చెత్తలో వేయడం

ఫ్రీజర్: −18 డిగ్రీల్లో పెట్టాను. కొబ్బరి నూనె అసలు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి దానికి ఫ్రీజరే అక్కర్లేదు. వేరుశనగ నూనె చిక్కటి ముద్దయింది. పొద్దుతిరుగుడు నూనె మాత్రం పాకంలా చిక్కబడి ఊరుకుంది, ఎందుకంటే అది గడ్డకట్టేది −17 దరిదాపుల్లో. ఒకవేళ గట్టిపడినా చెత్త బుట్టలోకి వెళ్ళిన కాసేపటికి మళ్ళీ నూనే. ఈ దారి మూసేశాను.

కొవ్వొత్తి మైనం: నూనె బరువులో 5 శాతం కలిపితే జారుడు ముద్ద, 10 శాతం కలిపితే వేలితో నొక్కితే దిగే పేస్టు. పైగా నూనె వదిలించుకోవడానికి ఇంకో సరుకు వాడటం. 200 గ్రాములు చేసి ఆపేశాను.

నూనె గట్టిపరిచే పొడి: ఇది ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరిచి దాన్నుంచి తీసే 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం. మొదట చల్లారిన నూనెలో, 50 డిగ్రీల దగ్గర చల్లాను. తెల్ల రవ్వలా అడుగుకు దిగి అలాగే కూర్చుంది. ఈ ఆమ్లం కరగడానికే 75 డిగ్రీల దాకా కావాలి, కరగకపోతే పట్టదు. సరిచేశాక ఇలా:

1. 300 గ్రా. నూనెను 85 డిగ్రీలకు వేడి చేసి స్టవ్ ఆపాలి.
2. 10 గ్రా. పొడి వేసి రవ్వ కనబడకుండా కలపాలి.
3. కదపకుండా వదిలేయాలి. ముప్పావు గంటలో మూకుడు నుంచి పలకలా ఊడొచ్చింది.

పని శుభ్రంగా అవుతుంది. వేయించిన వెంటనే, నూనె ఎలాగూ వేడిగా ఉన్నప్పుడే వేస్తే వేరే వేడి చేసే పనీ లేదు. కానీ చివరికి వెళ్ళేది చెత్తకుప్పలోకే, అక్కడ నాకు కాస్త మనసొప్పలేదు. దగ్గర్లో వాడిన నూనె తీసుకునే కేంద్రం లేనివాళ్ళకు మాత్రం ఇదే సుళువు.

పట్టినది 1,450 గ్రా. | వదిలించుకున్నది 500 గ్రా. | నిల్వ 950 గ్రా.

దశ 4: పీల్చే పదార్థాలు

ప్రతి పదార్థాన్ని తూచి, నూనెలో ముంచి, జాలీ మీద పది నిమిషాలు నూనె కారిపోయేలా ఉంచి మళ్ళీ తూచాను. గ్రాముకు ఎన్ని గ్రాముల నూనె పట్టిందంటే:

- పొడి ఇసుక: 0.2
- ఎండబెట్టిన వాడిన టీ పొడి: 1.4
- చింపిన పాత పేపరు: 1.6
- రంపపు పొట్టు: 2.8
- వంటింటి టిష్యూ: 5 పైన
- పాత దిండులోని పత్తి: 17
- బూరుగు దూది: 30 పైన

బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం పూత ఉంటుంది, అందుకే నీళ్ళను వద్దని నూనెను పట్టుకుంటుంది. ఈ అంకె చూసి ఇక వెతకడం అయిపోయిందనుకున్నా. అయితే రెండు ఇబ్బందులు. ఒకటి, పట్టుకున్నది నొక్కితే వదిలేస్తుంది, చెత్త సంచిలో ఏదైనా బరువు పడిందంటే అడుగంతా నూనె. రెండోది అసలైనది, మంట.

పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు గాలితో కలిసి ఆక్సీకరణ చెందుతూ వేడి పుట్టిస్తాయి. సీసాలో ఉన్నప్పుడు గాలి తగిలే మేర తక్కువ, కాబట్టి ఏమీ కాదు. అదే నూనె దూదిలో, గుడ్డలో పరుచుకుని, ఆ గుడ్డ ముద్దగా పడి ఉంటే వేడి బయటికి పోలేక లోపలే పెరుగుతుంది, పెరిగి పెరిగి దానంతటదే అంటుకునే వీలుంది. అవిసె నూనె గుడ్డల విషయంలో ఇది బాగా తెలిసిన ప్రమాదం, వంట నూనె అంటిన తువ్వాళ్ళు డ్రైయర్‌లోంచి వేడివేడిగా తీసి కుప్ప పెడితే అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. కొబ్బరి నూనెకు ఈ గుణం దాదాపు లేదు. మా దూది ముద్దలో థర్మామీటరు గుచ్చి బయట పెడితే చుట్టూ ఉన్న గాలికంటే 4 డిగ్రీలు ఎక్కువ చూపించింది. చిన్న అంకే, కానీ ఆ ముద్ద గుప్పెడంత. బుట్టెడు ఉంటే ఎంతవుతుందో చూసే సరదా నాకు లేదు.

మార్పు: దూది మానేసి రంపపు పొట్టు, పేపరుకు వచ్చాను. వాటినైనా ముద్దగా కుక్కొద్దు, మూత గట్టిగా పడే రేకు డబ్బాలో వేసి, పైన కొంచెం నీళ్ళు చల్లి, చెత్త బండి వచ్చే రోజున బయట పెట్టాలి.

పట్టినది 1,750 గ్రా. | వదిలించుకున్నది 750 గ్రా. | నిల్వ 1,000 గ్రా.

దశ 5: కంపోస్టు

200 మి.లీ. నూనెను డబ్బాలో ఒకే చోట పోశాను. అక్కడున్న తొక్కలకు నూనె పూత పట్టి గాలి ఆడక ఆ భాగం పులిసింది, వాసన, పైగా ఎలుక. బయటికి తీసి రంపపు పొట్టుతో కలిపి డబ్బా అంతటా పరిస్తే మెల్లగా సర్దుకుంది. ఇప్పుడు నూనె పోయను, జిడ్డు తుడిచిన టిష్యూలు మాత్రం చింపి, విడివిడిగా, డబ్బా బరువులో పిసరంతే వేస్తున్నా. మట్టిలో గుంట తీసి పోసినా ఇదే కథ, నీళ్ళు కూడా దిగని జిడ్డు మట్టి మిగులుతుంది.

పట్టినది 1,950 గ్రా. | వదిలించుకున్నది 930 గ్రా. | నిల్వ 1,020 గ్రా.

దశ 6: సబ్బు

వాడిన నూనె అనగానే అందరూ ఇచ్చే సలహా ఇదే. నేను రెండు వాయిలు చేశాను, ఎక్కువ టెన్షన్ పెట్టినదీ, తక్కువ ఉపయోగపడినదీ ఇదే.

ముందు నూనె కడగాలి. సమానంగా నీళ్ళు, చెంచాడు ఉప్పు కలిపి పావుగంట సన్న సెగ మీద ఉడికించి, రాత్రంతా వదిలి, పైన తేలిన నూనె తీసుకుని సన్న గుడ్డలో వడకట్టాలి. మెతుకులు, మసాలా, ఉప్పు నీళ్ళలోకి దిగిపోతాయి. ఇది చేయకపోతే సబ్బుకు వంటింటి వాసన వదలదు.

మొదటి వాయి లెక్క: 500 గ్రా. పొద్దుతిరుగుడు నూనె. గ్రాముకు 0.134 గ్రా. కాస్టిక్ సోడా కావాలి, అంటే 67 గ్రా. అందులో 5 శాతం తగ్గించి 64 గ్రా. వేశాను, సోడా మిగిలి చర్మం కాలకుండా. నీళ్ళు 128 గ్రా.

ఆరు వారాలు ఆరబెట్టినా వేలు నొక్కితే గుంటపడే సబ్బు. పైన నారింజ చుక్కలు, పాడైన నూనె కంపు. కారణం నూనెలోనే ఉంది, పొద్దుతిరుగుడులో అసంతృప్త కొవ్వులే ఎక్కువ, అవి మెత్తటి సబ్బునిస్తాయి, తొందరగా చెడతాయి.

రెండో వాయి: 350 గ్రా. వాడిన నూనె (0.135 చొప్పున 47.3 గ్రా.), 150 గ్రా. కొబ్బరి నూనె (0.183 చొప్పున 27.5 గ్రా.). మొత్తం 74.8, దానిలో 5 శాతం తగ్గించి 71 గ్రా. సోడా, 142 గ్రా. నీళ్ళు.

1. కళ్ళను కప్పే రక్షణ అద్దాలు, రబ్బరు గ్లవ్స్, కిటికీ తెరిచి.
2. సోడాను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. ద్రావణం చూస్తుండగానే 80 డిగ్రీలు దాటుతుంది.
3. స్టీలు గిన్నె లేదా గట్టి ప్లాస్టిక్ జగ్గు. అల్యూమినియం అస్సలు వద్దు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది.
4. రెండూ 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక నూనెలో ద్రావణం పోసి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పాలి. వాడిన నూనె కొత్త నూనె కంటే త్వరగా చిక్కబడుతుంది, అచ్చులు ముందే సిద్ధంగా పెట్టుకోండి.
5. ఒక రోజు అచ్చులో, తర్వాత కోసి నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి.

చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడగాలి, వెనిగర్ రుద్దడం వద్దు.

ఈసారి గట్టి సబ్బే వచ్చింది. దాంతో గిన్నెలు తోమి ఆ నీళ్ళను సీసాలో పట్టి చూశాను. దశ 1 మూడో సీసాలో తేలిన తెల్ల ముద్దే మళ్ళీ తేలింది. కఠినమైన నీళ్ళున్న ఇంట్లో నూనెను సబ్బు చేసి సింకులో వదలడం అంటే పైపులో కాల్షియం సబ్బును మనమే తయారుచేసి పంపడం, పైగా మనం కావాలని మిగిల్చిన 5 శాతం నూనె కూడా దాంతోపాటే. నీళ్ళు మెత్తగా ఉన్నవాళ్ళకు ఈ గొడవ తక్కువ. నేను మిగిలిన సబ్బును బట్టలకు, చాకలి సోడా వేసిన నీళ్ళలో వాడుతున్నా.

కాబట్టి ఈ 850 గ్రాములను "వదిలించుకున్నది" కింద రాయడానికి చెయ్యి రావడం లేదు. లెక్క కోసం రాస్తున్నానంతే.

పట్టినది 2,200 గ్రా. | వదిలించుకున్నది 1,780 గ్రా. | నిల్వ 420 గ్రా.

దశ 7: బకెట్ గ్రీజ్ ట్రాప్

ఇప్పటికి గిన్నెల జిడ్డు వైపు వచ్చాను. హోటళ్ళలో సింకు కింద ఉండే గ్రీజ్ ట్రాప్ సూత్రం తేలిక: నీళ్ళు ఒక తొట్టిలో కాసేపు నిలబడితే జిడ్డు తేలుతుంది, మెతుకు మునుగుతుంది, మధ్య నీళ్ళు బయటికి పోతాయి.

కట్టిన తీరు:

1. మూతున్న 20 లీటర్ల బకెట్. 14 లీటర్ల గీత దగ్గర బయటికి పోయే రంధ్రం, దానికంటే 3 సెం.మీ. పైన సింకు నుంచి వచ్చే రంధ్రం. రెండూ ఎదురెదురుగా.
2. లోపలికి వచ్చే పైపుకు ఎల్బో (వంపు ముక్క) పెట్టి నోరు నీటి మట్టం కిందకు దించాలి, నీళ్ళు పై పొరను చిలకకుండా.
3. బయటికి పోయే పైపుకు టీ (T ఆకారంలో మూడు నోళ్ళున్న ముక్క) పెట్టి, దాని కాలును అడుగుకు 5 సెం.మీ. పైదాకా దించాలి. టీ పై నోరు తెరిచే ఉంచాలి.
4. సింకు జాలీ పెట్టాలి, మెతుకు లోపలికి రాకూడదు.

చెడినవి వరసగా:

లీకు. బకెట్‌కు పీవీసీ గమ్‌తో పైపు అతికించాను. బకెట్ పీవీసీ కాదు, పాలీప్రొపిలీన్, దానికి ఆ గమ్ పట్టదు. ఎపాక్సీ పుట్టీ పూస్తే అది పెచ్చుగా ఊడింది. రంధ్రానికి రెండు వైపులా మర, వాషర్‌తో బిగించే ట్యాంక్ కనెక్టర్ పెట్టాక గానీ ఆగలేదు.

మళ్ళీ లీకు. కనెక్టర్‌తో వచ్చిన రబ్బరు వాషర్ జిడ్డు తాగి ఉబ్బింది, వంకర తిరిగింది. సహజ రబ్బరుకు నూనె పడదు. నైట్రైల్ రబ్బరు వాషర్ వేశాను.

ఖాళీ అవడం. టీ పై నోటికి మొదట మూత పెట్టాను, వాసన వస్తుందని. సింకు నిండా నీళ్ళు వదిలితే సైఫన్ పట్టి (గాలి దూరే దారి లేక పైపు నీళ్ళను దానంతటదే లాగుతూ పోయి) బకెట్ సగం దాకా లాగేసింది, తేలిన జిడ్డుతో సహా. మూత తీసేశాను, బకెట్ మూతకే రబ్బరు పట్టీ వేసి వాసన ఆపాను.

వాసన. కుళ్ళిన గుడ్డు కంపు వచ్చిందంటే అడుగున మెతుకు గాలి లేకుండా కుళ్ళుతోందని. జాలీ రంధ్రాలు చిన్నవి చేసి, వారానికోసారి అడుగు కడిగితే తగ్గింది. హోటళ్ళలో పై జిడ్డు, అడుగు బురద కలిసి లోతులో నాలుగో వంతుకు చేరితే కడగాలంటారు. ఇంట్లో ఆ నాలుగో వంతు వచ్చేలోపే ముక్కు చెప్పేస్తుంది.

ఇక అసలు ప్రశ్న, ఎంత పట్టింది? పైన తేలింది తీస్తే 310 గ్రా. కానీ అందులో సగానికి పైగా నీళ్ళే. వేడినీళ్ళ గిన్నెలో ఆ డబ్బా పెట్టి కరిగించి, ఫ్రిజ్‌లో చల్లార్చి, అడుగు నీళ్ళు వంపేస్తే మిగిలింది 140 గ్రా. (తడి జిడ్డును నేరుగా మంట మీద పెట్టొద్దు, అడుగున నీళ్ళు ఆవిరవుతూ పైనున్న కాలే కొవ్వును చిమ్ముతాయి.) దశ 0 లెక్క ప్రకారం ఆ వ్యవధిలో సింకులోకి దిగినది 650 గ్రా. దరిదాపు. అంటే ఐదో వంతు పట్టి, మిగతాదంతా వదిలేసింది.

ఎందుకో కూర్చుని లెక్క వేశాను. కుళాయి కింద లీటరు జగ్గు 9 సెకన్లలో నిండింది, నిమిషానికి 6.7 లీటర్లు. 14 లీటర్ల తొట్టిలో నీళ్ళు నిలిచేది రెండు నిమిషాల చిల్లర. స్టోక్స్ సూత్రం ప్రకారం నూనె చుక్క తేలే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.15 మి.మీ. చుక్క 20 సెం.మీ. పైకి రావడానికి మూడు నిమిషాల పైన. డిష్‌వాష్ లిక్విడ్ చీల్చిన 0.02 మి.మీ. చుక్కకు మూడు గంటలు! రెండు నిమిషాల్లో అది ఎక్కడికి తేలుతుంది? కుళాయికి నురగ జాలీ బిగించి ధార నిమిషానికి 3 లీటర్లకు తగ్గిస్తే నాలుగున్నర నిమిషాలు దొరుకుతాయి, పెద్ద చుక్కలకు చాలు. చిన్న చుక్కలకు తొట్టి పెంచాలంటే సింకు కింద చోటు లేదు, స్నానాల గది కావాలి.

పట్టినది 2,640 గ్రా. | వదిలించుకున్నది 1,920 గ్రా. | నిల్వ 720 గ్రా.

దశ 8: నీళ్ళు తగలకముందే గీకడం

ట్రాప్ లెక్క చూశాక దారి ఒక్కటే కనబడింది, జిడ్డు నీళ్ళలో పడకముందే తీసేయడం. కావలసిన సామాను చూస్తే నవ్వొస్తుంది. సిలికాన్ గరిటె ఒకటి, పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి.

మూకుడు మీద కొలిచాను, మొదట 18 గ్రా.:

- గరిటెతో గీకితే వచ్చింది: 12 గ్రా.
- తర్వాత చింపిన పేపరుతో తుడిస్తే: 5 గ్రా.
- మిగిలింది: 1 గ్రా.

గోరువెచ్చగా ఉన్నప్పుడు గీకితే బాగా వస్తుంది. మరీ వేడిగా ఉంటే గరిటె కింద నుంచి జారుతుంది, పూర్తిగా చల్లారితే కొవ్వు పట్టుకుపోతుంది. చదును పళ్ళేలకు గరిటె కంటే కార్డే మేలు. పేపరు ఒకేసారి పెద్ద ముక్క వద్దు, అరచేతంత ముక్కలు రెండు సరిపోతాయి.

పని పెరుగుతుందని ఇంట్లో గొణిగారు, నిజమే, పూటకు రెండు మూడు నిమిషాలు పెరిగింది. తోమే పని తగ్గింది కాబట్టి కొంత చెల్లు. డిష్‌వాష్ లిక్విడ్ వాడకం సగానికి పడిపోయింది, దాంతో ట్రాప్‌లో చుక్కలు పెద్దవిగానే ఉండి ట్రాప్ కూడా ముందుకంటే బాగా పట్టడం మొదలుపెట్టింది. ఇది నేను అనుకోని లాభం.

ట్రాప్ ఒక్కటే నడిపినన్ని రోజులే దీన్నీ నడిపి పోల్చాను:

- గీకడం, తుడవడం ద్వారా: 620 గ్రా.
- ట్రాప్‌లో: 40 గ్రా.

పట్టినది 3,300 గ్రా. | వదిలించుకున్నది 2,580 గ్రా. | నిల్వ 720 గ్రా.

ఇప్పుడు ఏది ఎటు పోతోంది

గీకిన జిడ్డు, తుడిచిన పేపరు రేకు డబ్బాలోకి. కొన్ని టిష్యూలు కంపోస్టుకు. వేపుడు నూనె వడకట్టి పాత డబ్బాలోకి, నిండితే వాడిన నూనె తీసుకునే కేంద్రానికి. అక్కడ అడిగేవి రెండే: నీళ్ళు ఉండకూడదు, ఇంజిన్ ఆయిల్ లాంటి ఖనిజ నూనె చుక్క కూడా కలవకూడదు. అక్కడి నుంచి అది బయోడీజిల్‌కు వెళ్తుంది. దాన్నే ఇంట్లో చేసుకోమని సలహాలొచ్చాయి. లీటరు నూనెకు 200 మి.లీ. మిథనాల్ కావాలి, అది విషం, దాని మంట పగటిపూట సరిగా కనబడదు కూడా. ఆ దశ ఈ డైరీలో ఉండదు.

దీపానికి వాడదామని చూశాను, వాడిన నూనెలోని సన్న మెతుకు వత్తికి అడ్డం పడి మసి ఎక్కువ, రెండుసార్లు వడకట్టినా అంతే.

పెండింగ్:

1. నైట్రైల్ వాషర్ ఉబ్బిందో లేదో తీసి తూచాలి. కొత్తగా 3.2 గ్రా., మందం 3 మి.మీ.
2. టీ కాలు అడుగుకు ఇంకా దగ్గరగా ఉందనిపిస్తోంది, బురద లాగుతోంది. 8 సెం.మీ.కు కోసి చూడాలి.
3. నూనె గట్టిపరిచే పొడిని 3 శాతం బదులు 2 శాతంతో ప్రయత్నించాలి, 200 గ్రా. నూనెకు 4 గ్రా. చొప్పున.
4. నిల్వ ఉన్న 720 గ్రాముల్లో అడుగున పల్చగా నీళ్ళు కనబడుతున్నాయి. కేంద్రానికి ఇచ్చే ముందు డబ్బాను కదపకుండా ఉంచి పై నూనె మాత్రం సన్న గొట్టంతో లాగాలి.